నాలుగు వందల పదమూడో కేసు

1వ రోజు

ఈ డైరీ జిల్లా ఆఫీసుకు పోతుందని నాకు తెలుసు. అక్కడ ఎవరూ చదవరని కూడా తెలుసు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో పదకొండు మకాం డైరీలు పంపాను. ఏడోదాంట్లో మా అత్త గోంగూర పచ్చడి ఎట్లా నూరుతుందో రెండు పేజీలు రాశాను. 'చూడడమైనది' అన్న ముద్రతో తిరిగి వచ్చింది. కాబట్టి ఇందులోనూ మనసులో ఉన్నదే రాస్తాను.

పేరు సుంకులమ్మ. హోదా లేఔట్ల పరిశీలన అధికారి. వయసు యాభై మూడు, మోకాళ్ల వయసు డెబ్భై. మకాం ఎండుగుట్ట గ్రామం, కొత్తమడుగు చెరువు ఒడ్డున చెట్ల మధ్య ప్రతిపాదిత ప్లాటు నంబరు పదిహేడు. ఒక చోట ఇళ్లు కట్టుకోవచ్చని సంతకం పెట్టే అధికారి ముందు ముప్పై రోజులు అదే చోట గుడారం వేసుకుని బతకాలన్నది రూలు. పూర్వం నాలాంటివాళ్లు కుర్చీలో కూర్చునే సంతకాలు పెట్టి, ఒక కాలనీ మొత్తాన్ని బండరాయి మీద కట్టించారట. వాళ్ల పాపం ఇప్పుడు నా నడుము మోస్తోంది.

వెంట తెచ్చుకున్నవి ఒక గుడారం, ఒక నవారు మంచం, ఒక కరణం, ఒక నీళ్ల డ్రమ్ము. కరణం అంటే మనిషి కాదు, ఆఫీసువాళ్లిచ్చిన యంత్రం. మూడు కాళ్ల మీద నిలబడి, ఒంటికన్నుతో చూసి, లెక్కలు రాసి, ముద్రలు వేసి, అవసరమైతే కేసులు కూడా పెడుతుంది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు. బుద్ధులన్నీ పాతకాలపు కరణానివే కాబట్టి నేనట్లా పిలుస్తాను.

ఎదురుగా అంత చెరువు పెట్టుకుని డ్రమ్మెందుకని సామాను దించిన బండాయన అడిగాడు. ఆయన ఈ జిల్లా మనిషి కాదు. మా జిల్లాలో నిండు డ్రమ్ము లేని గడప ఉండదు. మేఘాలను మళ్లించి మా మీద కురిపించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయింది. చెరువులు నిండాయి గానీ డ్రమ్ములు పోలేదు. ఇంటి ప్లానులో డ్రమ్ము గద్దె చూపించకపోతే ఇప్పటికీ అనుమతి రాదు. నీళ్లు పారబోయడం ఇప్పటికీ నేరమే. కరువు రోజుల్లో చేసిన చట్టం అది, తీసేసే ధైర్యం ఎవరికీ చాలలేదు.

2వ రోజు

పొద్దున్నే సర్పంచి పెన్నోబిలేసు బొరుగుల ఉగ్గాని గిన్నెతో వచ్చాడు.

"మేడం, ఈ ముప్పై దినాలు మీకు తిండి మా ఇంటి నుంచే వస్తాది. మీరు సంతకం పెట్టండి సాలు."

'ఆహార స్వీకరణ: ఉగ్గాని ఒక గిన్నె, బజ్జీలు నాలుగు' అని కరణం నమోదు చేసుకుంది. నేను తిన్నవి ఆరు. దాని లెక్కల మీద నాకు అనుమానం మొదలైంది అప్పుడే.

పెన్నోబిలేసు తొందరకు కారణం ఉంది. ఎండుగుట్టలో ఇప్పుడు ఉన్నది నాలుగు వందల ముప్పై మంది. ఐదు వందలకు తగ్గిన ఊరిని పక్క ఊళ్లో కలిపేస్తారు. పక్క ఊరు బొమ్మెపల్లి. ఆ ఊరితో వీళ్లకు మూడు తరాలుగా మాటల్లేవు, ఎందుకు లేవో కూడా ఎవరికీ గుర్తు లేదు. కొత్తగా అరవై నాలుగు ఇళ్లు వస్తే ఎండుగుట్ట ఎండుగుట్టగానే మిగులుతుంది.

దరఖాస్తు పెట్టినవాళ్లు కోనసీమవాళ్లు. సముద్రం లోపలికొచ్చి ఊళ్లను తీసుకుపోయాక ఈ అరవై నాలుగు కుటుంబాలు మా మార్కెట్ యార్డు గోదాముల్లో చీరలు అడ్డం కట్టుకుని కాపురాలు చేస్తున్నాయి. ఇళ్ల స్థలాల వరుసలో వాళ్ల వంతు రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

అడ్డమల్లా చెట్లు. స్థలంలో నాలుగు వందల చెట్లుంటే అది అడవి, ఇళ్లు కుదరవు. అంతకు తక్కువుంటే తోపు, ఇళ్లు కట్టుకోవచ్చు. కరణం లెక్కపెడితే నాలుగు వందల పన్నెండు తేలాయి. అన్నీ నడకతుమ్మలే. కరువు కాలంలో పనిగట్టుకుని తయారుచేసిన రకం ఇది. తడి ఉన్న వైపు కొత్త వేరు దించుతుంది, ఎండిన వైపు పాత వేరు వదిలేస్తుంది, అట్లా రోజుకింత జరుగుతూ నీళ్లను వెతుక్కుంటుంది. నా చిన్నప్పుడు ఇవి మా ఇంటి ముందు నుంచి పోతుంటే మా అవ్వ దండం పెట్టేది. ఇవి ఆగిన చోట బోరు వేస్తే నీళ్లు పడేవి. కొత్తమడుగు నిండాక ఇక్కడికొచ్చి ఆగినవి ఇరవై ఏళ్లుగా కదల్లేదు.

"పదమూడు మాన్లే కదా మేడం ఎక్కువుండేది. కండ్లు మూసుకుంటే పాయె" అన్నాడు పెన్నోబిలేసు.

"నేను మూసుకుంటానప్పా. ఇది మూసుకోదే" అని కరణాన్ని చూపించాను.

6వ రోజు

బడిలో అభ్యంతరాల విచారణ జరిగింది. వచ్చిన కాగితాలు ఏడు. నాలుగింట్లో దస్తూరీ ఒకటే, ఆ నాలుగూ బొమ్మెపల్లివి. అయిదోది తన మేకలకు తుమ్మకాయలు తక్కువవుతాయని. ఆరోది కోస్తావాళ్లొస్తే ఊరంతా చేపల వాసనేనని. అది రాసినాయన విచారణ ముగిసేలోపే పులుసులో చింతపండు ఎంత వేస్తారని వాళ్లను అడగడం నా చెవిన పడింది. ఏడోది ఖాళీ కాగితం, కింద సంతకం మాత్రం ఉంది. దాన్నీ రికార్డులో పెట్టాలని కరణం పట్టుబట్టింది.

కోనసీమవాళ్ల సంఘం అధ్యక్షురాలు చిక్కం వీరవేణి. అరవై దగ్గర పడిన మనిషి. బెంచీ అంచున కూర్చుంది, ఎవరైనా లేవమంటే లేచిపోవడానికి వీలుగా. తొమ్మిదేళ్లు గోదాములో ఉంటే అట్లాగే కూర్చోవడం అలవాటవుతుంది కాబోలు.

"ఇంటింటికీ డ్రమ్ము గద్దె చూపించల్ల. మీ ప్లానులో లేదే" అన్నాను.

"డ్రమ్మెందుకండి?"

"నీళ్లకు."

"ఎదురుగుండా చెరువుంది కదండి."

"ఉంటే?"

ఆమె ప్లాను మీద గుర్తు పెట్టుకుని, "సరేనండి, గీయించేత్తాను" అంది.

"ఇంటెనక ఈ గుంజ ఏమిటికి?"

"పడవ కట్టుకోడానికండి."

"ఇంటికా?"

"ఆయ్. మా వోళ్లకి నీళ్లు కనపడాపోతే నిద్దరట్టదండి. మరీ దగ్గిరికొచ్చినా పట్టదండి."

ఇళ్లు వచ్చే వరుసకూ చెరువుకూ రెండు వందల అడుగుల దూరం ఉంది. ఇంటికి పడవ కట్టుకునే జనాన్ని నేను చూడలేదు. పెన్నోబిలేసు మొహం తిప్పుకుని నవ్వాడు. నేను కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆమె చూసే ఉంటుంది.

9వ రోజు

తెల్లవారగానే కరణం నన్ను లేపి నాలుగు దొంగతనం కేసులు నమోదు చేశానంది.

"చెట్టు నంబర్లు ముప్పై ఒకటి, ముప్పై రెండు, యాభై ఏడు, అరవై. నమోదైన స్థలంలో లేవు. ఇందుమూలముగా అపహరణకు గురైనట్టు భావించడమైనది."

వెళ్లి చూశాను. చెట్లు ఎక్కడికీ పోలేదు. పది అడుగుల పైన, గుట్ట వైపు నిలబడి ఉన్నాయి. "అవే కదా" అంటే, నమోదైన చెట్టు నమోదైన చోటే ఉంటుందట, కాబట్టి ఇవి వేరే చెట్లట. దీనితో వాదించి గెలిచినవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు. తెల్ల రంగు డబ్బా తెప్పించి ఒక్కో చెట్టుకూ నంబరు రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఏడో చెట్టు దగ్గర మోకాలు పట్టేసింది, ఆ దిక్కుమాలిన తుమ్మనే పట్టుకుని లేచాను.

12వ రోజు

కేసులు నూట పద్ధెనిమిది అయ్యాయి. మండలం నుంచి కానిస్టేబులు వచ్చాడు. నంబర్లు చూసుకుంటూ గుట్ట వైపు నడిచి, పోయిన సొత్తు దొరికిందని రాసుకున్నాడు. దొంగ దొరకలేదని కూడా రాసుకున్నాడు.

"దొరికె కదప్పా, కేసులు మూసేయకూడదా?" అన్నాను.

"అట్ల కుదరదు మేడం. కోర్టు తేల్చేదాకా సొత్తు యాడ దొరికెనో ఆడే ఉండల్ల. దాన్ని ఎవురూ ముట్టకుండా కాపలా పెట్టల్ల."

మా కోర్టులో మా తాత పొట్టేలు కేసు ఇంకా నడుస్తోంది. తాతా లేడు, పొట్టేలూ లేదు. వాయిదాలు మాత్రం వేళకు వస్తాయి.

14వ రోజు

ఈ రోజుతో స్థలంలో మిగిలిన చెట్లు మూడు వందల తొంభై తొమ్మిది. పైన మేకల దారే స్థలానికి హద్దు, మిగతావి దాన్ని దాటిపోయాయి. అంటే చట్టం ప్రకారం ఇది ఇప్పుడు అడవి కాదు, తోపు. పెన్నోబిలేసుకు చెప్పగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఎత్తిన చేతులు అట్లాగే ఆగిపోయాయి.

"మేడం, మాన్లు నీల్లకాడికి కదా పోయేది. ఇవి నీల్లిడిసి పోతాండాయి."

అప్పుడు నాకూ వెలిగింది. నీళ్లను వెతుక్కునే చెట్లు నీళ్లను వదిలి పోతున్నాయంటే ఇక్కడ నీళ్లకు నూకలు చెల్లాయన్నమాట. ఇద్దరం చెరువు గట్టు మీద కూలబడ్డాం. చెరువు నిండుగా, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. మా అవ్వ ఒక చెంబు నీళ్లతో మొహం కడిగి, ఆ నీళ్లు పళ్లెంలో పట్టి, ఆ పళ్లెం నీళ్లతో గిన్నె తొలిచి, చివరకు అవే కరివేపాకు మొక్కకు పోసేది. ఆ రోజులు మళ్లీ వస్తాయంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకి ఇంటింటా డ్రమ్ములు నింపడం మొదలైంది. కరణం మాత్రం గేజి రాయి చూసి చెరువు మట్టం నాలుగు అంగుళాలు పెరిగిందని చెప్పింది. బజ్జీలు లెక్కపెట్టడం రాని యంత్రం అది. నోరు మూసుకోమన్నాను.

18వ రోజు

చెరువు ఎండిపోయినా ఇల్లు ఇల్లే. మా జిల్లాలో ఎండిన చెరువుల పక్కన తరాలు తరాలు బతికాయి. తొమ్మిదేళ్లు చీరల గోడల మధ్య ఉన్నవాళ్లకు నిజం గోడ ముఖ్యం. అందుకని నెల తిరగక ముందే పాకలు వేసుకోవడానికి ముందస్తు అనుమతి రాశాను. అంతటితో ఆగలేదు. ఎండే చెరువు ముందు నడిమికి పోతుంది కదా, వాళ్లకు కొన్నేళ్లయినా నీళ్లు దగ్గరగా ఉండాలని కింది వరుస ప్లాట్లను ఇంకో నూట యాభై అడుగులు చెరువు వైపుకు జరిపాను.

ఇన్నేళ్ల ఉద్యోగంలో రూలులో లేని దయ చూపించడం ఇదే మొదటిసారి. నా మీద నాకే ముచ్చటేసింది. కరణం ముద్ర వేసింది.

21వ రోజు

పదకొండు కుటుంబాలు కింది వరుసలో తాటాకు పాకలు వేసేసుకుని, వెంట తెచ్చుకున్న పడవను చెరువులో దించాయి. పిల్లలు నీళ్లలో కాళ్లు పెట్టి ఆడుతున్నారు. వీరవేణి మిగతా ప్లాట్లు చూసుకోవడానికి మధ్యాహ్నం వచ్చింది. వస్తూనే చెరువు వైపు చూడలేదు, గుట్ట వైపు చూసింది.

"మేడంగారూ, ఆ సెట్లు ఎప్పట్నుంచి ఎక్కుతన్నాయండి?"

"రెండు వారాలైంది. చెరువు ఎండిపోతాంది, అందుకే పోతాండాయి" అని, ఆమె బాధపడుతుందేమోనని మెల్లగా చెప్పాను.

ఆమె బాధపడలేదు. మేకల దారిదాకా నడిచి, చెట్ల మొదళ్లు చూసి, తిరిగొచ్చి నా మంచం మీద కూర్చుంది. ఈసారి అంచున కాదు, మొత్తం బరువు వేసి కూర్చుంది.

"ఎల్లిపోటం కాదండి. ఎనక్కి తగ్గుతన్నాయి. మా కరకట్ట మీదా ఇయ్యే ఏసేరండి. ఓ ఏడాది గట్టెక్కి రోడ్డు మీదకొచ్చేశాయి. సెట్లకీ షికారు కావాలా అని నవ్వుకున్నాం. దారికి అడ్డమని మా ఆయన రెండు కొట్టేసి పొయ్యిలోకి సీల్చేరండి."

"తరవాత?"

"తరవాత సముద్రం వచ్చేసిందండి. ఆయన్ని నేను మళ్లీ సూళ్లేదు."

నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. "అమ్మా, ఈ జిల్లాలో నీల్లు ఎక్కువై ఏడ్చినోల్లు ఒగరు లేరు" అన్నాను.

ఆమె పెన్నోబిలేసు దగ్గర గడ్డపార అడిగి తీసుకుని నా గుడారం పక్కనే తవ్వింది. మోచెయ్యి లోతు తవ్వగానే గుంతలో నీళ్లు ఊరాయి. తేట నీళ్లు. నేనూ పెన్నోబిలేసూ ఆ గుంతలోకి వంగి చూశాం. నా బుర్రలో వచ్చిన మొదటి ఆలోచన డ్రమ్ము తెచ్చి నింపుకోవాలని.

22వ రోజు

పొద్దుటి నుంచి మేకల దారిదాకా పదిచోట్ల తవ్వించాను. అన్నిచోట్లా మూరెడు లోతులో నీళ్లే. ముప్పై ఏళ్లుగా కురిసిందంతా తాగి తాగి మా నేల దాహం తీరిపోయింది. ఇక మీద పడే చుక్క పైనే నిలుస్తుంది. నడకతుమ్మకు వేళ్లు తడవాలి గానీ మునిగితే ఊపిరాడదు, అందుకే లేచి పోతోంది. మాకెప్పుడూ నీళ్లు మునిగేటంత లేవు కాబట్టి ఆ సంగతి మాకెవరికీ తెలియలేదు. గేజి రాయి చెప్పింది. కరణం చెప్పింది. నేను నోరు మూసుకోమన్నాను.

ఈ నెల వాన కోటా ఇరవై ఏడో రోజున ఉంది. ఆపమని మేఘాల బోర్డుకు రాశాను. వాన కావాలన్నా వద్దన్నా తొంభై రోజుల ముందు రాయాలని జవాబొచ్చింది. ఇంతవరకు వద్దని ఎవరూ రాయలేదని, ఫారంలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని కూడా రాశారు.

23వ రోజు

ముందస్తు అనుమతి రద్దు చేయబోతే కరణం ఒప్పుకోలేదు. రద్దుకు నాలుగే కారణాలు ఉన్నాయి: నీటి ఎద్దడి, రాతి నేల, అడవి, తగాదా. నీళ్లు ఎక్కువ అన్న గడి మా ఫారంలో లేదు. ఆ ఫారం తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నాను.

నీటి ఎద్దడి గడి నింపాను. కరణం చెరువు వైపు కన్ను తిప్పి చూసి, "అసత్యము" అంది. తగాదా గడి నింపి, నన్ను తిట్టమని పెన్నోబిలేసుకు చెప్పాను. అతను పాపం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "నీ యవ్వ, యాడి ఆఫీసరమ్మవు నువ్వు మేడం" అన్నాడు. నేనూ అతని వంశాన్ని ఎత్తాను. కరణం విని, "ఉభయుల ముఖములందు నవ్వు కనబడుచున్నది. తగాదా రుజువు కాలేదు" అని కొట్టేసింది.

పాకలవాళ్లను నోటిమాటగా లేవమంటే లేవలేదు. అనుమతి ఉన్న ప్లాటు వదిలి పోతే వంతు పోతుంది. "మేడంగారూ, తవరే కదండి సంతకం ఎట్టింది" అని ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు. పిల్లలు అప్పుడూ నీళ్లలోనే ఆడుతున్నారు.

మిగిలిన దారి ఒక్కటే. దరఖాస్తు పెట్టినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకుంటే అనుమతి దానంతటదే పోతుంది. అప్పుడు పదకొండే కాదు, అరవై నాలుగు కుటుంబాల వంతూ పోతుంది. మళ్లీ వరుస చివర నిలబడాలి. ఇంకో తొమ్మిదేళ్లు.

ఆ మాట చెప్పడానికి గోదాము దగ్గరికి పోయాను. వీరవేణి చీర గోడ పక్కకు తీసి లోపలికి రమ్మంది. విన్నాక ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"మేమెల్లేసరికి నాకు డెబ్భై వత్తాయండి" అంది. తరువాత, "కాయితం ఇటివ్వండి" అంది.

సంతకం పెట్టింది.

25వ రోజు

పాకలన్నీ విప్పేశారు. పదకొండు కుటుంబాలను బడిలో పెట్టారు. ఊరివాళ్లు అన్నాలు వండి పంపుతున్నారు, చేపల వాసన మీద అభ్యంతరం రాసినాయన అందరికంటే ముందున్నాడు.

నా మకాం కూడా గుట్ట మీదికి మార్చాను. మంచం పోయింది, గుడారం పోయింది, కరణం తన మూడు కాళ్ల మీద తానే నడిచిపోయింది. డ్రమ్ము మిగిలింది. నిండుగా ఉంది, ఇద్దరు పట్టినా కదల్లేదు.

"సగం పారబోసేత్తే తేలికైపోద్దండి" అంది వీరవేణి.

మూత మీద చెయ్యి వేశాను. నావల్ల కాలేదు. చట్టం సంగతి కాదు, చెయ్యి రాలేదంతే. పదిహేడో ప్లాటులో దాన్ని అట్లాగే వదిలేసి వచ్చాను.

27వ రోజు

కోటా ప్రకారం ఉదయం ఎనిమిదికి వాన మొదలైంది. ప్రతి నెలా పడేంతే పడింది, చుక్క ఎక్కువ లేదు. పదకొండు గంటలకల్లా పదిహేడో ప్లాటు మునిగింది. ఒంటిగంటకు కింది వరుస మొత్తం, మూడింటికి మిగతా లేఔటంతా నీళ్ల కిందకు పోయింది. పిల్లలు ఆడిన చోట ఇప్పుడు రెండు నిలువుల లోతు ఉంటుంది. ఊరు గుట్టకు అవతల వైపు ఉంది కాబట్టి బతికిపోయింది.

నాలుగు గంటలకు నీళ్లు ఆగాయి. ఎక్కడ ఆగాయో చూడ్డానికి ఊరంతా వచ్చింది. తుమ్మల వరుసకు సరిగ్గా ఒక బార దూరంలో ఆగాయి. నంబరు ముప్పై ఒకటి అన్నిటికంటే ముందు నిలబడి ఉంది, నేను రాసిన తెల్ల అంకె దాని మీద తడిసి మెరుస్తోంది. పెన్నోబిలేసు తలగుడ్డ తీసి ఆ చెట్టుకు మొక్కాడు. నేను వీరవేణి కాళ్లకు మొక్కబోయాను. ఆమె పట్టుకుని ఆపింది.

29వ రోజు

రాత్రంతా నిద్ర లేదు. పదకొండు కుటుంబాలను నేనే నీళ్ల కిందికి జరిపిన సంగతి ఎటు తిరిగి పడుకున్నా పోలేదు. ఉదయం కరణం రోజువారీ లెక్క చదివింది. "చెట్ల అపహరణ కేసులు మొత్తం నాలుగు వందల పన్నెండు. సొత్తు లభ్యము. కాపలా ఏర్పాటు పెండింగు."

రెండుసార్లు చదివించుకున్నాను. తరువాత ఒక్కో ప్రశ్నా జాగ్రత్తగా అడిగాను.

"కాపలాదారులు ఎక్కడుండాలి?"

"సొత్తు లభించిన స్థలమునందే నివసించవలెను."

"ఇల్లు కట్టుకోవచ్చా?"

"నివాసయోగ్యమైన ఏర్పాటు చేసుకొనవచ్చును."

"ఎంతకాలం?"

"న్యాయస్థానము తేల్చువరకు."

"వరుస ఏమన్నా ఉందా దీనికి? వంతులు?"

"లేవు. ఈ పనికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు."

మా తాత పొట్టేలు కేసుకు నలభై ఆరేళ్లు. ఇవి నాలుగు వందల పన్నెండు కేసులు, దొంగ దొరికే ఆశ కూడా లేదు. కోర్టు తేల్చేసరికి ఈ భూమ్మీద నేనూ ఉండను, వీరవేణీ ఉండదు, వాళ్ల మనవలకు మనవలుంటారు. పెన్నోబిలేసుకు చెబితే ఉగ్గాని గిన్నె కింద పెట్టి, వాళ్లందరూ ఊరి లెక్కలోకి వస్తారా అని అడిగాడు. వస్తారన్నాను. బొమ్మెపల్లి వైపు తిరిగి గట్టిగా ఒక ఈల వేశాడు.

30వ రోజు

మకాం చివరి రోజు. అరవై నాలుగు కుటుంబాల పెద్దలు వరుసగా వచ్చి కాపలా పత్రం మీద సంతకాలు పెట్టారు. ప్లాను నేనే గీశాను. ప్రతి ఇంటి ముందు డ్రమ్ము గద్దె, ప్రతి ఇంటి వెనక పడవ గుంజ. ఈసారి గుంజ చూసి ఎవరూ నవ్వలేదు. హద్దుల దగ్గర కరణం ఆగింది. కింది హద్దు కొలత చెప్పమంది. 'చెట్లు ఎక్కడ ఆగితే అక్కడ' అని రాయమన్నాను. అది కొలత కాదంది. దొంగ సొత్తు కదా, అది ఉన్నచోటే హద్దన్నాను. కాసేపు గుర్రుమని ముద్ర వేసింది.

ముద్ర పడిన కాగితం చేతికివ్వడానికి ఒడ్డుకు దిగితే వీరవేణి పడవ వేసుకుని వస్తోంది. నా డ్రమ్మును తాడు కట్టి పడవ వెనక ఈడ్చుకొస్తోంది.

"తేలతా తిరుగుతందండి. మూత కూడా ఊడలేదు" అంది.

కాగితం తీసుకుని చదివింది. చివరి గీతదాకా చదివి, మడిచి జాకెట్లో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది. తరువాత ఇద్దరం డ్రమ్మును ఒడ్డు మీదికి లాగబోయాం. మునుపటి బరువే, అంచు ఒడ్డెక్కి ఆగిపోయింది.

"ఏం సెయ్యమంటారండి?"

నేను మూత తిప్పాను. నీళ్లు ముందు కొంచెం కొంచెంగా, తరువాత ఒక్కసారిగా నా కాళ్ల మీదుగా చెరువులోకి పోయాయి. మా అవ్వ ఎక్కడి నుంచో అరుస్తుందేమో అనిపించింది. ఎవరూ అరవలేదు. డ్రమ్ము ఖాళీ అయింది, ఒక్కదాన్నే ఒంటిచేత్తో ఎత్తి గట్టు మీద పెట్టాను.

గట్టు మీద నుంచి కరణం కన్ను ఇటు తిరిగింది.

"కేసు నంబరు నాలుగు వందల పదమూడు. నీరు పారబోయుట. నిందితురాలు సుంకులమ్మ, లేఔట్ల పరిశీలన అధికారి. నేరము అంగీకరించుచున్నారా?"

అంగీకరిస్తున్నానని సంతకం పెట్టాను. ఇన్నేళ్లలో ఇంత ఇష్టంగా నేను పెట్టిన సంతకం ఇంకొకటి లేదు.